నినాదంలో మొదటి మాట మర్చిపోయాం



జల్, జంగల్, జమీన్. కొమరం భీమ్‌ని తలుచుకుని మనం ప్రతి సభలో పిడికిలెత్తి ఇచ్చే నినాదం. జమీన్ మాట వస్తే 1/70 అంటాం. జంగల్ మాట వస్తే 2006 అటవీ హక్కుల చట్టం అంటాం, పట్టాల సంచి తీసి చూపిస్తాం. మరి ఆ మూడింటిలో మొదటిది, జల్ సంగతేంటి? దాని గురించి మన దగ్గర ఏ కాగితం ఉంది? ఏ దరఖాస్తు పెట్టాం? నిజం చెప్తున్నా, నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో నా డబ్బులు పెట్టి ఒక పెడల్ బోటు అద్దెకి తీసుకునేదాకా.

రాజమండ్రిలో నాతో డిగ్రీ చదివిన ముగ్గురు స్నేహితులు మా వైపు వచ్చారు. ఒకడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, ఇద్దరు కాంపిటీటివ్ పరీక్షలకి చదువుతున్నారు. వచ్చీ రాగానే "మీ దగ్గర చెరువులో సెల్ఫ్ డ్రైవ్ బోట్లు పెట్టారంట కదా, రీల్స్‌లో చూశాం, పోదాం పద" అన్నారు. సరే, అతిథులు కదా, తీసుకెళ్ళా. ఆ జలాశయం పేరు ఇక్కడ రాయట్లేదు. రాస్తే అది ఆ ఒక్క ఊరి గొడవ అయిపోతుంది. ఏజెన్సీలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మీకు దగ్గర్లో ఉన్నదాని పేరు పెట్టుకుని చదువుకోండి.

కౌంటర్లో ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. నలుగురు కూర్చునే పెడల్ బోటు అరగంటకి 400. డిపాజిట్ 500. ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మా వాళ్ళు చదవకుండానే పెట్టేశారు, నేను చదివా. నీళ్ళ మీద ఏం జరిగినా బాధ్యత బోటు తీసుకున్నవాళ్ళదే, నిర్వాహకులకి సంబంధం లేదు అని ఉంది. వెనకాల జనం లైను. నేనూ పెట్టేశా.

జెట్టీ దగ్గర లైఫ్ జాకెట్లు తొడుగుతున్న కుర్రాడు నాకు వరసకి బావమరిది. ఇంటర్ తర్వాత చదువు ఆపేశాడు. సూపర్‌వైజర్ పక్కనే ఉన్నాడని నన్ను తెలియనట్టే "సార్, చేతులు పైకెత్తండి" అన్నాడు. బకిల్ పెడుతూ మాత్రం చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాడు: "బావా, ఎడమ పక్క బండరాయి దాటి పోవద్దు. కింద మోడులున్నాయి. మధ్యాహ్నం గాలి అటే తోస్తది."

ఆ మోడులు ఏమిటో నాకు తెలుసు. అది మా అమ్మమ్మ వాళ్ళ ఊరి మామిడితోపు. డ్యాం కట్టినప్పుడు చెట్లు నరికారు, మొదళ్ళు వదిలేశారు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే నల్లగా బయటపడతాయి. అమ్మమ్మ బతికున్నప్పుడు గట్టు మీద నిలబడి "అదిగో మన ఇల్లు, అదిగో గంగాలమ్మ గుడి, అదిగో మీ తాత పోడు" అని నీళ్ళలోకి చెయ్యి చూపించేది. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడేది కాదు. ఆమెకి కనపడేది.

బోటు ఎక్కాం. ఒక్కమాట ఒప్పుకోవాలి, బాగుంది. చుట్టూ కొండలు, నీళ్ళలో వాటి నీడ, తొక్కుతుంటే టపటపా చప్పుడు. ఏ డ్రైవరూ లేడు, స్టీరింగు మన చేతిలో. కష్టపడి చదువుకుంటున్న పిల్లలు ఒక పూట నవ్వారు. టూరిస్టులు రావడమే తప్పు అని రాయడానికి నేను కూర్చోలేదు. కొండ, చెరువు చూడాలని ఎవరికి ఉండదు?

ఇరవై నిమిషాలయ్యాక గాలి తిరిగింది. పెడల్ బోటు గురించి తెలియని వాళ్ళకి చెప్తా. అది మన దోనెలాగా నీళ్ళని కోసుకుంటూ పోయేది కాదు. అడుగు బల్లపరుపుగా ఉండే పెట్టె. నీళ్ళలో దిగేది తక్కువ, గాలికి ఎదురు నిలిచేది ఎక్కువ. నలుగురు ఎంత తొక్కినా గాలి ఎటు తోస్తే అటే. మేం తొక్కాం, తొక్కాం, కాళ్ళు పట్టేశాయి, జెట్టీ మాత్రం దూరమవుతూనే ఉంది. ఇంతలో అడుగున 'గర్ర్' మని ఒక చప్పుడు. బోటు ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. మోడు ఎక్కింది. మా వాడొకడు భయపడి చేతులూపుతూ లేచి నిలబడ్డాడు. ఇంకొంచెం ఒరిగింది. "కూర్చోరా బాబూ, కదలొద్దు" అని వాడి చొక్కా పట్టి లాగా. ఆ క్షణంలో నాకు ఈత వస్తుందన్న ధైర్యం కంటే, వాళ్ళు ముగ్గురికీ రాదన్న సంగతే ఎక్కువ గుర్తొచ్చింది.

జెట్టీలో ఇంజన్ బోటు కట్టేసి ఉంది. నడిపేవాడు భోజనానికి వెళ్ళాడంట. మా దగ్గరికి వచ్చింది ఆ బోటు కాదు. తాడు గీత అవతల వలలు తీసుకుంటున్న ఒక పెద్దాయన దోనె వేసుకుని వచ్చాడు. మా పెదనాన్న వరస అవుతాడు. నోటితో ఒక్కమాట అనలేదు. తెడ్డుతో మొద్దు మీద ఆనించి మా బోటుని వెనక్కి నెట్టాడు, తాడు కట్టాడు, గాలికి అడ్డంగా పోకుండా ఒడ్డు వారగా లాక్కొచ్చాడు. పావుగంట పట్టింది.

ఒడ్డుకి వచ్చాక ఆయనకి దక్కింది థాంక్స్ కాదు. సూపర్‌వైజర్ కేకలు: "బోటింగ్ ఏరియాలోకి దోనె తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఇంకోసారి కనపడితే వల లాగేస్తా." మా డిపాజిట్‌లో లేటుకి, గీతలకి అని 200 కోశారు. పెదనాన్న దోనె తిప్పుకుంటూ ఒక్కటే అన్నాడు: "ఆ మొద్దు మా అన్న గట్టు మీద చెట్టుది సారూ. దాని మీదకెక్కింది మీ బోటు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిత్రులారా, ఈ వ్యాసం ఆ 200 రూపాయల గురించి కాదు.

సెల్ఫ్ డ్రైవ్ అంటే ఏంటి? నడిపేవాడు లేకుండా నువ్వే నడుపుకోవడం. దానికి టూరిస్టుకి జాకెట్ ఇస్తారు, తాడు గీత గీస్తారు, టైము రాస్తారు. అదే నీళ్ళ మీద మన వాళ్ళు పుట్టినప్పటి నుంచి సెల్ఫ్ డ్రైవే. రేషన్‌కి, సంతకి, ఆస్పత్రికి, కాన్పుకి దోనెలోనే పోతారు. వాళ్ళకి జాకెట్ ఎవరిచ్చారు? గాలి వస్తుందని ఎవరు చెప్పారు? మా బావమరిది రోజుకి ఎన్ని జాకెట్లు తొడుగుతాడో లెక్కలేదు. సాయంత్రం ఆరింటికి అదే చెరువు మీద దోనెలో ఇంటికి పోయేటప్పుడు వాడి ఒంటి మీద జాకెట్ ఉండదు. ఉదయం లెక్క తప్పితే జీతంలో కోస్తారని అన్నీ గదిలో పెట్టి తాళం వేసి వెళ్తాడు.

ఇది మా ఊరి ముచ్చట మాత్రమే కాదు. మూడు సంగతులు గుర్తు చేస్తా.

2018 మే 15. దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గోదావరిలో గాలివానకి లాంచీ మునిగింది. అందులో ఉన్నది విహారానికి వచ్చినవాళ్ళు కాదు. పనుల మీద పోయి వస్తున్న జనం, ఎక్కువమంది చుట్టుపక్కల గూడేల ఆదివాసీలు. రోడ్డు లేని ఊళ్ళకి లాంచీయే బస్సు.

2019 సెప్టెంబరు 15. అదే మండలం, కచ్చులూరు దగ్గర, గోదావరి వరద మీద ఉండగా పాపికొండల విహారానికి పోతున్న బోటు మునిగింది. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళని నీళ్ళలోంచి లాగింది ఎవరు? ముందు పరుగెత్తుకొచ్చింది ఏ దళమూ కాదు, ఒడ్డున ఉన్న గూడెం జనం, తమ నాటు పడవలతో. తర్వాత పెద్ద పెద్ద బృందాలు, యంత్రాలు దిగాయి. చివరికి 38 రోజుల తర్వాత బోటుని బయటికి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, తాళ్ళతో. నీళ్ళ చదువు వేరే ఉంటుంది. అది సర్టిఫికెట్టు మీద కనపడదు.

2021 మే. కరోనా కాలం. హైదరాబాదు వైపు పనికిపోయిన ఒడిశా గిరిజన కూలీలు ఇంటికి తిరిగిపోతూ రాత్రిపూట సీలేరు జలాశయం దాటుతుంటే రెండు నాటు పడవలు మునిగాయి. పసిపిల్లలు కూడా పోయారు. వాళ్ళ కోసం తాడు గీత లేదు, జాకెట్ లేదు, టైము రాసుకునేవాడు లేడు.

ఈ మూడింటిలో కచ్చులూరు తర్వాతే ప్రభుత్వం గట్టిగా కదిలింది. బోట్లు ఆపారు, తనిఖీలు పెట్టారు, రేవుల్లో కంట్రోల్ రూములు అన్నారు. మంచిదే, ఉండాల్సిందే. కానీ ఆ భద్రత టికెట్టు కొన్నవాడి దగ్గర మొదలై టికెట్టు కొన్నవాడి దగ్గరే ఆగిపోయింది. నది అదే, జలాశయం అదే. ప్రాణానికి మాత్రం రెండు ధరలు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. నేను ఆదివారం మళ్ళీ వెళ్ళి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టా. ఎనిమిది పెడల్ బోట్లు. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా తిరుగుతాయి. ఒక్కో బోటు తక్కువలో తక్కువ ఏడు ట్రిప్పులు వేసింది. ఎనిమిది బోట్లు, ఏడు ట్రిప్పులు, 400 చొప్పున 22,400 రూపాయలు. ఒక్క రోజుకి. పార్కింగ్, నూడుల్స్ బండి వేరే. అక్కడ పనిచేసే మన పిల్లలు నలుగురు. ఒక్కొక్కరికి 350. నలుగురికి కలిపి 1,400. మామూలు రోజుల్లో ఇంత రాదు, వానాకాలంలో ఆపేస్తారు, బోట్ల ఖర్చు, రిపేర్లు ఉంటాయి. అవన్నీ తీసేసినా సరే, ఊరు మునిగినవాళ్ళకి వచ్చేది కూలి, ఊరు చూడనివాళ్ళకి వచ్చేది లాభం.

పైగా వలలు వేసే చోటు సగానికి తగ్గింది. తాడు గీత లోపల చేపలు పట్టకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలో గ్రామసభని అడిగారా? అడగలేదు.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1879లో రంప కొండల్లో మన పెద్దలు ఎందుకు తిరగబడ్డారు? ఇంట్లోకి తాగే కల్లు గీసుకోవడం కూడా కొత్త ఆబ్కారీ చట్టంతో నేరమైంది. వసూలు చేసుకునే హక్కు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. చెట్టు మనది, గీసేది మనం, లెక్క రాసేది పైనుంచి వచ్చినవాడు. ఇప్పుడు చెట్టు బదులు చెరువు.

"మరి చట్టం ఏం చెప్తుంది?" అని అడుగుతారు. చదివినంత చెప్తా.

ఒకటి, 1/70. దీని అసలు రూపం 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణ చట్టం, 1970లో సవరించారు. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సొసైటీకో తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, ఇంకే రకం లావాదేవీ అయినా. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఈ నిబంధనకి లోబడాల్సిందే అని చెప్పింది. సర్కారు భూమి కాబట్టి సర్కారు ఇష్టం అనే మాట చెల్లదు.

ఇక్కడ ఒక తెలివైన వాదన వస్తుంది. "మేం భూమి ఇవ్వలేదు, నీళ్ళ మీద బోటు తిప్పుకోవడానికి లైసెన్సు ఇచ్చాం" అంటారు. బోటు నీళ్ళ మీదే తిరుగుతుంది, నిజమే. కానీ టికెట్టు కౌంటరు ఎక్కడ ఉంది? జెట్టీ మొదలు ఎక్కడ పాతారు? పార్కింగ్, క్యాంటీన్, రేపు కట్టబోయే కాటేజీలు నీళ్ళ మీద తేలుతున్నాయా? నేల మీదే ఉన్నాయి. ఆ నేల షెడ్యూల్డు ప్రాంతంలో ఉంది. పేరు మార్చి ఇస్తే స్వభావం మారదని మనం గట్టిగా అడగాలి.

రెండు, 1996 పెసా చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని అందులో స్పష్టంగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. "ఇది పెద్ద జలాశయం, చిన్న వనరు కిందకి రాదు" అనొచ్చు. సరే, పెద్దవాటి సంగతి వాదిద్దాం. మరి కుంటల్లో, చిన్న చెరువుల్లో పెట్టిన బోట్ల సంగతి? అక్కడైనా గ్రామసభ తీర్మానం ఉందా?

మూడు, అటవీ హక్కుల చట్టం. వ్యక్తిగత పట్టా కోసం మనం ఎన్నేళ్ళు తిరిగామో తెలుసు. అదే చట్టంలో సెక్షన్ 3లో సామూహిక హక్కులు ఉన్నాయి. నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద హక్కు పేరుపెట్టి రాసి ఉంది. మీ ఊళ్ళో ఎంతమంది ఆ దరఖాస్తు పెట్టారు? మా ఊళ్ళో ఒక్కటీ లేదు. తప్పు కాంట్రాక్టరుది కాదు, మనది. జంగల్, జమీన్ అని తిరిగి జల్ కాలం ఖాళీగా వదిలేశాం.

నాలుగు, 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం. ఇంజన్ లేని పడవల నమోదు లాంటి పనులు పంచాయతీ స్థాయి దాకా అప్పగించడానికి అందులో దారి ఉంది. అంటే పెడల్ బోటుకీ, మన దోనెకీ నంబరు వేసి, జాకెట్ ఉందో లేదో చూసే అధికారం మన పంచాయతీ చేతికి రావచ్చు. అడగాలి కదా మరి.

ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి. రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

సంక్రాంతి అయిన నెలకి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. "తమ్ముడూ, వచ్చే ఏడాది బోటింగ్ టెండరు ఎస్టీ పేరు మీదే ఇవ్వాలంట. నువ్వు చదువుకున్నవాడివి, నలుగురిలో పేరున్నవాడివి. సంతకం నీది, పెట్టుబడి మాది. నెలకి పదివేలు నీ అకౌంట్లో పడతాయి. నువ్వు రానవసరం కూడా లేదు" అన్నాడు.

వెంటనే ఛీ అన్నానని రాస్తే బాగుంటుంది. అనలేదు. "ఆలోచించి చెప్తా" అన్నా. రెండు రోజులు ఆలోచించా. డిగ్రీ అయి మూడేళ్ళు. ఉద్యోగం లేదు. అమ్మ మోకాళ్ళ ఆపరేషను వాయిదా పడుతూ ఉంది. పదివేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. మూడో రోజు పెదనాన్న వల బాగుచేసుకుంటూ కనపడ్డాడు. ఆయన్ని ఏం అడగలేదు, ఆయనా ఏం చెప్పలేదు. ఇంటికొచ్చి ఫోన్ చేసి వద్దన్నా. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అన్నాడాయన. కోపంగా అనలేదు. ధరల పట్టిక చదివినట్టు అన్నాడు.

ఆయన అన్నది నిజమే అవుతుందని నా భయం. ఏజెన్సీలో లారీలు, లాడ్జిలు, షాపులు ఎన్ని మన పేర్ల మీద ఉన్నాయో, ఎన్ని నిజంగా మనవో మనందరికీ తెలుసు. సంతకం పెట్టినవాణ్ణి తిట్టడం తేలిక. వాడికి పదివేలు ఎందుకు అంత అవసరమైందో కూడా మాట్లాడాలి. ఒంటరిగా ఉన్నవాణ్ణే కొంటారు. అందుకే టెండరు ఒక మనిషి పేరు మీద వద్దు, సొసైటీ పేరు మీద కావాలి అంటున్నా. సొసైటీ అన్నా కాగితం మీద పదిమంది పేర్లు రాసి ఒకడే నడిపేది వద్దు. లెక్క ప్రతి నెలా గ్రామసభలో చదివేది కావాలి.

"మీకు నడపడం వచ్చా? ఏదైనా జరిగితే?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బోటు తిప్పడం ఆట కాదు. కానీ మేం మోడు ఎక్కిన రోజు ఎవరికి నడపడం వచ్చింది? గాలి ఎప్పుడు తిరుగుతుందో, వాగు ఏ మూల నుంచి దిగుతుందో, గేట్లు ఎత్తితే నీళ్ళు ఎటు లాగుతాయో, ఏ మొద్దు ఎక్కడ ఉందో తెలిసినవాడికి జాకెట్ల గది తాళం ఇచ్చి, తెలియనివాడికి విజిల్ ఇచ్చారు. మన వాళ్ళకి లేనిది అనుభవం కాదు. ప్రథమ చికిత్స శిక్షణ లేదు, ఇన్సూరెన్సు లేదు, మంచి బోట్లు కొనే పెట్టుబడి లేదు. అవి నేర్చుకోవచ్చు, సంపాదించవచ్చు. ఐటీడీఏ ఉన్నదే అందుకు.

అలాగని మనవాడు నడిపితే అంతా సక్రమం అని నేను చెప్పను. ఒక చోట మన కుర్రాళ్ళే సొంతంగా తెప్పలు కట్టి టూరిస్టులని తిప్పడం చూశా. ఒక్కరికీ జాకెట్ లేదు. తాగి వచ్చినవాళ్ళని కూడా ఎక్కించారు. అడిగితే "పర్లేదన్నా, లోతు లేదు" అన్నారు. ఒక్క ప్రాణం పోతే చాలు, "వీళ్ళ చేతికిస్తే ఇంతే" అని పదేళ్ళు చెప్తారు. హక్కు అడిగే నోటితోనే బాధ్యతా ఒప్పుకోవాలి.

కాబట్టి మా యువజన కమిటీ తరఫున రాబోయే గ్రామసభలో పెట్టబోయే తీర్మానం ఇది. మీ ఊళ్ళోనూ పెట్టండి, బాగులేకపోతే మార్చి పెట్టండి.

ఒకటి. షెడ్యూల్డు ప్రాంతంలోని ఏ చెరువు, జలాశయం మీదనైనా బోటింగ్ మొదలుపెట్టాలంటే ముందు గ్రామసభ అనుమతి ఉండాలి. ముంపుకి గురైన ఊళ్ళ వాళ్ళని, వాళ్ళు ఇప్పుడు ఏ కాలనీలో ఉన్నా, ఆ సభకి పిలవాలి.

రెండు. నిర్వహణ గిరిజనులే సభ్యులైన సొసైటీకి ఇవ్వాలి. బినామీ అని తేలితే రద్దు. లెక్కలు నెలకోసారి సభలో.

మూడు. అప్పటిదాకా ఎవరు నడిపినా ఆదాయంలో వాటా గ్రామసభ నిధికి రావాలి. సమత తీర్పులో గనుల లాభంలోనే కనీసం 20 శాతం అభివృద్ధి నిధిగా పక్కన పెట్టాలన్నారు. చెరువు విషయంలో అంతకంటే తక్కువ ఎందుకు అడగాలి?

నాలుగు. వలలు వేసే చోటు, దోనెలు దాటే దారి, తాడు గీత ఎక్కడ ఉండాలో జాలర్లతో కూర్చుని గీయాలి.

అయిదు. టూరిస్టుకి ఎన్ని జాకెట్లు కొంటారో, ఆ చెరువు దాటే ప్రతి గూడేనికి అన్ని జాకెట్లు. బడి పిల్లలకి వాళ్ళ సైజువి.

ఇది చదువుతున్న మైదానం మిత్రులకి కూడా ఒక మాట. రండి, బోటెక్కండి. ఎక్కేముందు నాలుగు అడగండి. ఇంజన్ బోటు, దాన్ని నడిపే మనిషి ఇప్పుడు జెట్టీలో ఉన్నారా? జాకెట్ బకిల్ పడుతుందా, పిల్లల సైజు ఉందా? మోడులు, రాళ్ళు ఎక్కడున్నాయి, గాలి ఎటు? సంతకం పెట్టమన్న కాగితంలో ఏముంది? నీళ్ళ మీద లేచి నిలబడకండి, బోటు ఒరిగితే కిందకి వంగి కూర్చోండి, తాగి ఎక్కకండి. చివరగా ఒకటి, "ఈ బోటింగ్ ఎవరిది?" అని అడగండి. టికెట్టు ఇచ్చేవాడు తడబడతాడు. ఆ తడబాటు మాకు ఉపయోగపడుతుంది.

ఇదంతా ఒక చిన్న చెరువు, ఎనిమిది బోట్ల గురించి అనుకోకండి. పోలవరం ముంపులో అధికారిక లెక్కల ప్రకారమే లక్షకి పైగా కుటుంబాలు ఉన్నాయి. మొదటి దశ 41.15 మీటర్లు అంటున్నారు, పూర్తిగా నింపితే 45.72. కాఫర్ డ్యాం కట్టాక దేవీపట్నం మండలం గూడేల్లోకి వరద ఎలా వచ్చిందో చూశాం. విహారం బోట్లు ఎక్కే గండిపోచమ్మ తల్లి గుడి కూడా వరదొస్తే మునుగుతుంది. రేపు ఆ జలాశయం నిండాక కోయ, కొండరెడ్ల ఊళ్ళ మీద ఎంత పెద్ద చెరువు తయారవుతుందో ఊహించండి. దాని మీద సెల్ఫ్ డ్రైవ్ బోట్లు, హౌస్ బోట్లు, రిసార్టులు వస్తాయి. టెండరు ఎవరి పేరు మీద? జాకెట్లు తొడిగే పిల్లలు ఎవరు? జవాబు ఇప్పుడే మన చిన్న చెరువుల దగ్గర తయారవుతోంది. ఇక్కడ ఒప్పుకుంటే అక్కడా అంతే.

మా బావమరిదికి ఈ వ్యాసం పోస్టు చేసేముందు చదివి వినిపించా. పేరు రాయలేదు కాబట్టి పర్లేదన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "బావా, సొసైటీ వస్తే నేను ఇంజన్ బోటు నడుపుతా. భోజనానికి పోతే ఇంకొకణ్ణి కూర్చోబెట్టి పోతా" అన్నాడు.

తీర్మానంలో ఆరో అంశంగా అది రాసుకున్నా.

జల్, జంగల్, జమీన్. ఈసారి మొదటి మాట దగ్గర కాస్త ఆగుదాం.

జై ఆదివాసీ.